నాలుగో జేబు

హలసూరు చెరువు అవతల
ఐదున్నరకి బ్యూగిల్ లేస్తుంది.
నాకంటే ముందు నా మోకాళ్లు లేస్తాయి.
రిటైరై పద్నాలుగు నెలలు,
వాటికింకా ఆర్డరు అందినట్టు లేదు.

ఇవాళ అంగీ మడిచి పట్టుకుని
చౌడప్ప కొట్టుకెళ్లాను.
తెల్లంగీ, పాదాల దాకా.
ఇరవై ఆరేళ్లు యూనిఫాం మీద తొడిగాను.
ఎంత కిందికి దించినా బూట్లు కనిపించేవి.
"పాదరీ సాబ్ పైన దేవుడి మనిషి,
మడమల కాడ సర్కారు మనిషి"
అని నవ్వేవాళ్లు జవాన్లు.

మొదటిసారి కుట్టినప్పుడు చౌడప్పే అడిగాడు,
"జేబులెన్ని పెట్టాల సార్?"
సెమినరీలో ఎవరూ అడగని ప్రశ్న.
రెండు చాలన్నాను. నాలుగు పెట్టాడు.
"మీరు పొయ్యేది చలి సీమ.
చేతులు పెట్టుకునేకైనా పనికొస్తాయి."

ఒకదాంట్లో కొవ్వొత్తి ముక్కలు.
ఒకదాంట్లో గొంతు ఎండితే లవంగాలు.
మూడోదాంట్లో ఉత్తరాలు:
రాయడం రానివాళ్లవి కావు,
రాయడం వచ్చీ మొదటి వాక్యం దొరకనివాళ్లవి.
నాలుగోది ఖాళీగా ఉంచేవాణ్ని.
దాచమని ఎవడో ఒకడు ఏదో ఒకటి ఇస్తాడు.
ఉంగరం, సిగరెట్ పెట్టె,
ఒకడైతే, భార్య పంపిన స్కాన్ కాగితం.

గంటెల పరంజ్యోతి, నాయబ్ సుబేదార్, ధర్మగురువు.
మా నాయన టంగుటూరు దగ్గర
పొగాకు బ్యారన్లో మంట చూసేవాడు.
"సైన్యంలో చేరావా, సంఘంలో చేరావా,
ఒక్కటి చెప్పరా నలుగురికీ చెప్పుకోవాలి" అనేవాడు.
చెప్పకుండానే ఆయన్ని సాగనంపాను.

ఒక రాత్రి సెంట్రీ డ్యూటీ దిగి వచ్చిన కుర్రాడు
"సాబ్, రేపు కాల్చాల్సొస్తే
పైవాడు లెక్కలో రాస్తాడా?" అన్నాడు.
నాకొచ్చిన వాక్యాలన్నీ వెతుక్కున్నాను.
"టీ తాగావా" అన్నాను.
ఇప్పుడడిగినా
నా దగ్గర అంతకంటే లేదు.

ఆ ఏడు పండిట్ దామోదర్ సెలవు మీద కిందే ఉండిపోయాడు.
మంచు దారి మూసింది.
హమీర్‌పూర్ పిల్లవాడు, ఇరవై రెండేళ్లు,
ఊపిరితిత్తుల్లో నీరు చేరి తెల్లారేలోపు పోయాడు.
హెలికాప్టర్‌కి పది నిమిషాల ఆకాశం దొరుకుతుందన్నారు.
ఆలోపు ఎవరో ఒకరు
ఏదో ఒకటి అనాలి వాడి మీద.

ఫీల్డు టెలిఫోన్‌లో, గరగర మధ్య,
పండిట్ ఒక్కో అక్షరం చెప్పాడు.
రేషన్ చిట్టా వెనక తెలుగులో రాసుకున్నాను.
బకీ భకీ తేడా తెలీలేదని
చెవి మెలేసిన రోశమ్మ టీచరు
ఆ ఎత్తున, ఆ గాలిలో, పక్కన నిలబడింది.
ఒక్క ఒత్తూ జారనివ్వలేదు.
వంటవాడు మెస్ టిన్నులో నెయ్యి తెచ్చాడు.
దీపం మూడుసార్లు ఆరింది.
నా చెయ్యి వణికి నెయ్యి రొమ్ము మీద ఒలికింది.

"నీకు ఏమనిపించింది?" అని
తర్వాత బిషప్పుగారు అడిగారు.
చలేసిందండీ అన్నాను.

చౌడప్ప గుడ్డని వెలుతురుకి పట్టాడు.
మనవరాలికి బాప్తిస్మం గౌను కావాలి,
వచ్చే ఆదివారానికి.
"ఈ మచ్చ మైనం. పోతాది సార్.
పాత పేపరేసి ఇస్త్రీ పెడితే పీల్చుకుంటాది."
ఆ మైనం ఎక్కడిదో, ఏ ఏటిదో నాకు గుర్తులేదు.
"ఇదేమో నెయ్యి. ఇది పోదు.
తిప్పి కోస్తే లోపలికి పోతాది, ఎవురికీ కనపడదు."

"పాప ఒంటికి ఆనుకునుంటుందా?"
"ఆనుకుంటాది."

సరే, అలాగే కొయ్యి అన్నాను.
కత్తెర తీసి, ఆగి, అడిగాడు:
"జేబు పెట్టాల్నా సార్?"
ఇంత పిల్లకి జేబెందుకని నవ్వబోయి
ఒకటి పెట్టు, అన్నాను.
ఖాళీది.